పాడ్‌కాస్టుల బాకీ: వారానికి ఏడు గంటల లెక్క

పాడ్‌కాస్టులు వినే అలవాటున్న చాలామంది ఫోన్లలో ఒక అంకె కనిపిస్తుంది. ఇంకా వినని ఎపిసోడ్లు 85, లేదా 140, లేదా 310. అది వారం వారం పెరుగుతుందే కానీ తగ్గదు. ఇష్టంగా మొదలుపెట్టిన పని కాస్తా బాకీలా మీద పడుతుంది. స్నేహితులెవరైనా "ఇది తప్పకుండా విను" అంటే సంతోషం కంటే ముందు "ఇంకోటా?" అన్న నీరసం వస్తుంది. దీనికి మన బద్ధకం కారణం కాదు. ఇందులో ఉన్నదంతా కూడికలు, తీసివేతలే. ఆ లెక్కను ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే ఏది వినాలో, ఏది వదిలేయాలో తేలుతుంది. ఇంకొకరికి ఏదైనా చెప్పాలంటే ఎలా చెప్పాలో కూడా తెలుస్తుంది.

ముందుగా ఈ బాకీ ఎలా పుడుతుందో చూద్దాం. విజయవాడ ఆకాశవాణిలో ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణ, భారతాలు చెప్పే రోజుల్లో ఆ సమయానికి రేడియో దగ్గర లేనివాళ్లకు ఆ వారం భాగం పోయినట్టే. బాధ ఉండేది కానీ బాకీ ఉండేది కాదు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటే సరిపోయేది. పాడ్‌కాస్ట్ కూడా రేడియో కార్యక్రమం లాంటిదే. తేడా ఒక్కటే: దానికి ప్రసార సమయం లేదు. విడుదలైన ప్రతి భాగమూ మన కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉంటుంది. ఆ సౌకర్యమే పోగును పెంచుతోంది.

ఇదంతా నడిపే ఏర్పాటు పేరు ఆర్‌ఎస్‌ఎస్. ఒక షోకి సంబంధించిన ఎపిసోడ్ల జాబితా ఉన్న చిన్న ఫైలు అది. మన ఫోన్లోని యాప్ కాసేపటికోసారి ఆ ఫైలు తెరిచి చూస్తుంది, కొత్తది కనిపిస్తే మన వరుసలో చేరుస్తుంది. 2000ల మొదట్లో అమెరికన్ ప్రోగ్రామర్ డేవ్ వైనర్ ఈ జాబితాలకు ఆడియో ఫైళ్లు జతచేసే వీలు కల్పించారు. 2005 జూన్‌లో యాపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చింది. మొదటిరోజు అందులో ఉన్నవి 3,000 పైచిలుకు షోలు. రెండు రోజుల్లో 10 లక్షల సబ్‌స్క్రిప్షన్లు వచ్చాయి. ఇవాళ పాడ్‌కాస్ట్ ఇండెక్స్ అనే బహిరంగ జాబితాలో 40 లక్షలకు పైగా షోలు నమోదై ఉన్నాయి. వాటిలో చాలావరకు నాలుగైదు ఎపిసోడ్లతో ఆగిపోయినవే. అయినా మిగిలినవాటిని వినడానికి కూడా ఒక మనిషి జీవితం చాలదు. కాబట్టి "అన్నీ అందుకోవడం" అన్న ఆలోచనను ఇక్కడితో పక్కన పెట్టేద్దాం.

మీకు నిజంగా ఉన్న సమయం ఎంత?

వారానికి 168 గంటలు. నిద్రకు రోజుకు ఎనిమిది చొప్పున 56 తీసేస్తే 112 మిగులుతాయి. ఉద్యోగం, పిల్లలు, ఇంటిపని, నలుగురితో మాటలు పోగా చెవులు ఖాళీగా ఉండేది ఎంతసేపు? ఎవరి లెక్క వారిదే కాబట్టి రెండు ఇళ్లను ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో హైదరాబాద్ మెట్రోలో ఆఫీసుకు వెళ్లే వ్యక్తి ఉన్నారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్లకు సుమారు 50 నిమిషాలు పడుతుంది. ఈయన దారి కాస్త తక్కువ, వెళ్లడానికి 45, రావడానికి 45 నిమిషాలు అనుకుందాం. ఐదు రోజులకు ఏడున్నర గంటలు. మధ్యలో వచ్చే ఫోన్లు, రైలు మారే హడావుడి తీసేస్తే ఏడు గంటలు.

రెండో ఇంట్లో స్కూటీ మీద బడికి వెళ్లే ఉపాధ్యాయిని ఉన్నారు. ఆమె ప్రయాణ సమయాన్ని ఈ లెక్కలో కలపకూడదు. బండి నడుపుతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వెనక నుంచి లారీ కొట్టే హారన్ కన్నా ముఖ్యమైన ఎపిసోడ్ ఏదీ లేదు. మన ఊళ్లలో ఎక్కువమంది తిరిగేది ద్విచక్ర వాహనాల మీదే కాబట్టి, "ప్రయాణంలో వినండి" అన్న సలహా మనలో చాలామందికి పనికిరాదు. ఆమెకు మిగిలేది వంటింటి సమయం రోజుకు ముప్పావుగంట చొప్పున ఆరు రోజులు, అంటే నాలుగున్నర గంటలు. అరగంట నడక ఐదు రోజులు, రెండున్నర గంటలు. ఆమెకూ ఏడు గంటలే.

ఏడు గంటలంటే 420 నిమిషాలు, సగటున రోజుకు గంట. మీది ఐదు గంటలు కావచ్చు, పది కావచ్చు. ఒక వారం పాటు రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎంతసేపు విన్నారో రాసుకుంటే సరైన అంకె తెలుస్తుంది. చాలామందికి అది వాళ్లు అనుకున్నదానికంటే తక్కువే వస్తుంది. ఇక్కడ నేను ఏడు గంటలనే పట్టుకుని లెక్క చేస్తాను.

ఇప్పుడు రాబడి వైపు చూడండి. ఒకరు పన్నెండు షోలు ఫాలో అవుతున్నారనుకుందాం. ఇది పెద్ద సంఖ్యేమీ కాదు. వాటిలో ఒకటి రోజువారీ వార్తల షో, 25 నిమిషాల చొప్పున ఐదు రోజులు: 125 నిమిషాలు. వారానికొకసారి వచ్చే 45 నిమిషాల షోలు ఆరు: 270. రెండున్నర గంటల సుదీర్ఘ సంభాషణలు రెండు: 300. వారానికి రెండుసార్లు వచ్చే అరగంట షోలు రెండు: 120. గంట కథనం ఒకటి: 60. మొత్తం 875 నిమిషాలు, అంటే 14 గంటల 35 నిమిషాలు. వినగలిగేది ఏడు గంటలు. ప్రతి వారం 7 గంటల 35 నిమిషాలు మిగిలిపోతున్నాయి.

ఏడాది తిరిగేసరికి ఆ మిగులు 394 గంటలవుతుంది. రాత్రీపగలూ ఆపకుండా విన్నా పదహారు రోజులు దాటుతుంది. వారానికి ఏడు గంటల చొప్పున తీర్చుకుంటూ పోతే 56 వారాలు. అంటే ఈ పన్నెండు షోలూ రేపే ఆగిపోయినా, ఒక్క ఏడాదిలో పేరుకున్న బాకీ తీరడానికి ఇంకో ఏడాదికి పైగా పడుతుంది. కానీ అవి ఆగవు.

పై లెక్కలో ఒక విషయం గమనించండి. పన్నెండింటిలో రెండు షోలే వారంలో 300 నిమిషాలు, మూడో వంతు కంటే ఎక్కువ, తీసుకుంటున్నాయి. షోల సంఖ్య కాదు, వాటి నిడివి చూడాలి. నిడివి కూడా స్థిరంగా ఉండదు. అమిత్ వర్మ నడిపే 'ది సీన్ అండ్ ది అన్‌సీన్' 2017లో మొదలైనప్పుడు ఇరవై నిమిషాల ప్రాంతంలో ముగిసే షో. తర్వాత అది అతిథి జీవితమంతా తడిమే సంభాషణగా మారింది, కొన్ని ఎపిసోడ్లు ఐదారు గంటలు సాగుతాయి. అవి మంచివి, భారతదేశంలో ఆలోచనాపరులు తీరిగ్గా మాట్లాడగా వినాలంటే నేను ముందు చెప్పే షో అదే. కానీ అలాంటి ఒక్క ఎపిసోడ్ అంటే దాదాపు మీ వారమంతా అని తెలిసి మొదలుపెట్టాలి.

వేగం పెంచితే సరిపోదా?

సహజంగా వచ్చే సందేహం ఇది. అన్ని యాప్‌లలోనూ వేగం పెంచే బటన్ ఉంటుంది. గంట ఎపిసోడ్‌ను 1.25 రెట్ల వేగంతో వింటే 48 నిమిషాల్లో అయిపోతుంది. 1.5 రెట్లకు 40 నిమిషాలు, రెండు రెట్లకు 30. ఈ అంకెల్లోనే ఒక కిటుకు ఉంది. మామూలు వేగం నుంచి 1.5కి వెళ్తే 20 నిమిషాలు మిగులుతాయి. అక్కడి నుంచి 2కి వెళ్తే ఇంకో పదే. వేగం పెంచేకొద్దీ కలిసొచ్చేది తగ్గుతుంది, అర్థం చేసుకోవడానికి పడే శ్రమ మాత్రం పెరుగుతుంది.

మన పన్నెండు షోలకు దీన్ని వర్తింపజేస్తే 875 నిమిషాలు 1.5 రెట్ల వేగంతో 583 అవుతాయి. అంటే 9 గంటల 43 నిమిషాలు, ఇంకా బాకీయే. రెండు రెట్లతో 437 నిమిషాలు. అప్పుడు కూడా మన 420లో పట్టలేదు.

ఇంగ్లీష్ షోల విషయంలో మనకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆ యాస మన చెవులకు పుట్టుకతో వచ్చింది కాదు. మామూలు వేగంలో హాయిగా అర్థమయ్యే అమెరికన్ మాట, 1.75 దగ్గరికి వచ్చేసరికి సగం మాటలు ఊహించుకోవాల్సిన స్థితికి వస్తుంది. నా ఉద్దేశంలో వార్తలకు, నింపాదిగా మాట్లాడే ఇంటర్వ్యూలకు 1.25 మంచిది. కథనాలకు, నవలలకు, కథల చదువుకు మామూలు వేగమే ఉండాలి. ఓవర్‌కాస్ట్ అనే యాప్ 2014లో వచ్చినప్పటి నుంచి మాటల మధ్య మౌనాన్ని కత్తిరించే సదుపాయం ఇస్తోంది, ఇప్పుడు మరికొన్ని యాప్‌లలోనూ ఉంది. కబుర్ల షోలకు అది బాగానే పనిచేస్తుంది. కానీ ఒక తల్లి తన బిడ్డ గురించి చెబుతూ మధ్యలో ఆగితే, ఆ ఆగడం కూడా ఆమె మాటలో భాగమే. దాన్ని కోసేయకండి.

ఏది నిలవ ఉంటుంది, ఏది ఉండదు

సమయం పెరగదు, వేగం కొంతే ఆదుకుంటుంది. మిగిలిన దారి ఎంచుకోవడమే. ఎంచుకోవడానికి నేను ముందు అడిగే ప్రశ్న 'ఇది బాగుందా' అని కాదు, 'ఇది ఎన్నాళ్లు నిలుస్తుంది' అని. తోటకూర ఇవాళే వండాలి, ఆవకాయ ఏడాదంతా ఉంటుంది. షోలూ అంతే.

న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన 'ది డైలీ' లాంటివి మొదటి రకం. అరగంటకు అటూ ఇటూగా ఒకే వార్తాంశాన్ని విప్పి చెబుతాయి. ఆ రోజు వింటే ఎంతో ఉపయోగం. మూడు వారాల తర్వాత వింటే అందులో సగం ఊహాగానాలు అప్పటికే తేలిపోయి ఉంటాయి. ఇలాంటివి రెండు రోజులు దాటితే వినకుండా తీసేయడమే మంచిది. చాలా యాప్‌లలో ఒక్కో షోకి విడిగా, తాజా ఎపిసోడ్ ఒకటి మాత్రమే ఉంచి పాతవి తీసేసేలా సెట్టింగు పెట్టుకోవచ్చు. వార్తల షోకి ఇది ఒక్కసారి పెట్టుకుంటే వినని ఎపిసోడ్ల అంకె చాలావరకు దిగిపోతుంది.

బీబీసీ రేడియో 4లో 1998 అక్టోబర్ నుంచి వస్తున్న 'ఇన్ అవర్ టైమ్' రెండో రకానికి మంచి ఉదాహరణ. 2025 దాకా మెల్విన్ బ్రాగ్ నడిపారు. ఒక విషయం, దాని గురించి జీవితమంతా చదువుకున్న ముగ్గురు ఆచార్యులు, ముప్పావుగంట చర్చ. అశోకుడి మీద 2015లో చేసిన ఎపిసోడ్ ఇవాళ విన్నా అంతే బాగుంటుంది. ఇలాంటి ఎపిసోడ్లు వెయ్యికి పైగా ఉన్నాయి. వెయ్యి ఎపిసోడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు అంటే 750 గంటలు. వారానికి ఏడు గంటలూ దీనికే ఇచ్చినా రెండేళ్లు దాటుతుంది. కానీ కంగారెందుకు? దీన్ని వరుసగా వినమని ఎవరూ అడగలేదు. ఇంట్లో విజ్ఞాన సర్వస్వం ఉంటే మొదటి పేజీ నుంచి చదవం కదా. ఇలాంటి షోని ఫాలో చేయకండి. పేరు గుర్తుపెట్టుకుని, ఏదైనా విషయం మీద ఆసక్తి పుట్టినప్పుడు వెతికి వినండి. అప్పుడది మీ వరుసలో బాకీగా ఎప్పటికీ కనపడదు.

మూడో రకం ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. 2014 అక్టోబర్‌లో మొదలైన 'సీరియల్' మొదటి సీజన్ గురించి చాలామంది విని ఉంటారు. 1999లో బాల్టిమోర్‌లో జరిగిన ఒక హైస్కూలు విద్యార్థిని హత్య, అందులో శిక్ష పడిన అద్నాన్ సయ్యద్ కేసును విలేకరి సారా కోనిగ్ 12 భాగాల్లో తిరగతోడారు. పాడ్‌కాస్ట్ అనే రూపాన్ని ఎన్నో దేశాల్లో సామాన్యుల దాకా తీసుకెళ్లింది అదే. పీబాడీ అవార్డు అందుకున్న మొదటి పాడ్‌కాస్టూ అదే. అది వరుసలోనే వినాలి, మధ్య నుంచి మొదలుపెడితే అర్థం కాదు. అయితే 2014 తర్వాత కోర్టుల్లో చాలా జరిగింది. 2022లో శిక్ష రద్దై ఆయన విడుదలయ్యారు, 2023లో పై కోర్టు నేరనిర్ధారణను పునరుద్ధరించింది, 2025 మార్చిలో జడ్జి ఇప్పటికే గడిపిన జైలుకాలంతో సరిపెట్టారు, నేరనిర్ధారణ మాత్రం అలాగే ఉంది. ఇవాళ ఆ 12 భాగాలూ వినేవారు చివర్లో ఈ సంగతులూ చదువుకోవాలి. లేకపోతే పదేళ్ల నాటి అనుమానంతోనే మిగిలిపోతారు. నేర కథనాలన్నింటికీ ఇది వర్తిస్తుంది: వాటికి ముగింపు షోలో ఉండదు, కోర్టులో ఉంటుంది.

నాలుగు నెలలకో ఆరు నెలలకో ఒకటి వచ్చే షోలూ ఉన్నాయి. డాన్ కార్లిన్ 'హార్డ్‌కోర్ హిస్టరీ'లో మొదటి ప్రపంచ యుద్ధం మీద చేసిన ఆరు భాగాలు మొత్తం 20 గంటలకు పైనే. ఎపిసోడ్ల లెక్కలో ఆరే, గంటల లెక్కలో మన మూడు వారాలు. ఇలాంటిదాన్ని నవల చదివినట్టు, కొన్నాళ్లు మిగతావన్నీ ఆపి వినడమే సరైన పద్ధతి.

ఇవన్నీ చూశాక ఆ 420 నిమిషాలను ఎలా పంచుకోవచ్చో ఒక నమూనా చెబుతాను. వార్తల షో ఐదు రోజులకు బదులు మూడు రోజులే: 75 నిమిషాలు. ప్రతి వారం వదలకుండా వినే 45 నిమిషాల షోలు రెండే రెండు: 90. రెండున్నర గంటల సంభాషణ రెండు వారాలకు ఒకటి, అంటే వారానికి 75. కలిపితే 240. ఇంకా 180 నిమిషాలు ఖాళీ. ఆ మూడు గంటలను ఏ షోకీ ముందుగా రాసివ్వకండి. స్నేహితులు చెప్పినవి, వెతికి పట్టుకున్నవి, విన్నదే మళ్లీ వినాలనిపించినవి వాటిలోకి వస్తాయి. ఒక్కోసారి ఏమీ వినకుండా నడవాలనిపించినా ఆ మూడు గంటల్లోంచే.

ఇంకొకరికి చెప్పడం ఎలా?

"ఫలానా పాడ్‌కాస్ట్ చాలా బాగుంటుంది, విను" అని మనం మామూలుగా అనే మాటను లెక్కలో పెట్టి చూడండి. ఆ షోలో 300 ఎపిసోడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు ఉంటే మనం అడిగింది 225 గంటలు. ఎదుటివారికీ వారానికి ఏడు గంటలే ఉంటే 32 వారాల పని. అందుకే వాళ్లు "తప్పకుండా" అంటారు, వినరు. అందులో వాళ్ల తప్పు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో మనం చెప్పలేదు.

బంధువుల వాట్సాప్ గ్రూపులో మూడు గంటల వీడియో లింకు పెట్టడమూ ఇలాంటిదే. గ్రూపులో 40 మంది ఉంటే మనం కోరింది మొత్తం 120 గంటలు. దానికి బదులు "బాబాయ్, మీ మోకాళ్ల నొప్పి గురించి డాక్టరు చెప్పిన భాగం 42వ నిమిషం దగ్గర మొదలవుతుంది, పది నిమిషాలే" అని ఒక్కరికి పంపితే ఆయన వినే అవకాశం ఎక్కువ. యూట్యూబ్‌లో లింకు పంచుకునేటప్పుడు ఏ నిమిషం నుంచి మొదలవ్వాలో కూడా జతచేయవచ్చు.

షో పేరు కాదు, ఎపిసోడ్ పేరు చెప్పండి. నిడివి చెప్పండి. ఆ మనిషికే ఎందుకు చెబుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. ఇంతకు మించి సూత్రాలేమీ అక్కర్లేదు. మాటకు కట్టుబడి నేను మూడు చెబుతాను.

ఇంటి అప్పు తీసుకున్నవారికి, తీసుకోబోతున్నవారికి: 'దిస్ అమెరికన్ లైఫ్' అనే రేడియో షోలో 2008 మేలో వచ్చిన 'ది జెయంట్ పూల్ ఆఫ్ మనీ'. సుమారు గంట. ప్రపంచంలో దాదాపు 70 లక్షల కోట్ల డాలర్ల పొదుపు సొమ్ము లాభం కోసం వెతుక్కుంటూ, ఆదాయం లేనివాళ్లకు కూడా ఇళ్ల అప్పులు ఎలా ఇప్పించిందో అలెక్స్ బ్లూంబర్గ్, ఆడం డేవిడ్‌సన్ చెప్పారు. అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలి ఆర్థిక సంక్షోభం ముదిరింది ఆ సెప్టెంబర్‌లో. అంటే ఈ ఎపిసోడ్ దానికి నాలుగు నెలల ముందే వచ్చింది. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ హైదరాబాద్‌లో క్యాంపస్‌లో ఎంపికై కూడా ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఎదురుచూసిన ఇంజనీరింగ్ పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు అప్పుడేం జరిగిందో ఇంతకన్నా తేటగా చెప్పినది నాకు కనపడలేదు.

ఇల్లో భవనమో కట్టేవారికి, ఇంజనీరింగ్ చదివేవారికి: '99% ఇన్విజిబుల్' షోలో 2014లో వచ్చిన 'స్ట్రక్చరల్ ఇంటెగ్రిటీ'. సుమారు అరగంట. న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన 59 అంతస్తుల సిటీకార్ప్ భవనంలో మూలల మీదుగా వీచే గాలికి కూలగలిగే లోపం ఉందని తర్వాత బయటపడింది. 1978లో రాత్రివేళల్లో జనానికి తెలియకుండా దాన్ని సరిచేశారు. అందులో డయాన్ హార్ట్లీ అనే విద్యార్థిని పాత్ర ఏమిటో ఎపిసోడ్‌లోనే వినండి.

లెక్కలంటే ఇష్టపడే పిల్లలున్న ఇంటికి: 'ఇన్ అవర్ టైమ్'లో 2006 నాటి 'ఇండియన్ మ్యాథమాటిక్స్'. ముప్పావుగంట. భాష కొంచెం గట్టిది, పక్కన పెద్దవాళ్లు కూర్చుని మధ్యలో ఆపి చెబితే పదో తరగతి పిల్లలు అందుకోగలరు.

ఇక తెలుగు మాటేమిటి? తెలుగులో పాడ్‌కాస్ట్ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువభాగం యూట్యూబ్‌లో వీడియో ఇంటర్వ్యూలే. వాటిని తక్కువ చేయడం లేదు, కానీ చెవులకు మాత్రమే పని చెప్పే తెలుగు కార్యక్రమాలకు నా మనసు మొగ్గుతుంది. 'హర్షణీయం' తెలుగు కథల చదువు, రచయితలతోనూ అనువాదకులతోనూ సంభాషణలు అందిస్తోంది. అక్కడ మొదట ఒక కథ వినండి, నచ్చితే ఆ రచయితతో మాట్లాడినది వెతకండి. 'కౌముది' వెబ్ మాసపత్రిక సంపాదకులు కిరణ్‌ప్రభ సినిమా తారల మీద, రచయితల మీద చేసిన టాక్‌షోలు యూట్యూబ్‌లో ఉన్నా, కళ్లు అవసరం లేనివి. అమ్మమ్మకు పెట్టి ఇస్తే వంట చేసుకుంటూ వింటుంది. సినిమా దర్శకుడు పూరి జగన్నాథ్ 'పూరి మ్యూజింగ్స్' ఒక్కోటి కొన్ని నిమిషాల్లోనే అయిపోతాయి. లిఫ్టు కోసం, పాల ప్యాకెట్ల వరుసలో నిలబడే సమయానికి సరిపోతాయి.

వీడియోగా వినేవాళ్లు డేటా సంగతి కూడా చూసుకోవాలి. మామూలుగా పాడ్‌కాస్ట్ ఆడియో సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతతో వస్తుంది. అంటే నిమిషానికి దాదాపు ఒక ఎంబీ, గంటకు 58 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవారికి 24 గంటలూ వింటున్నా అది అయిపోదు. అదే మాటలను వీడియోగా చూస్తే చాలా రెట్లు ఖర్చవుతుంది. పైగా డబ్బు కట్టని యూట్యూబ్‌లో స్క్రీన్ వెలుగుతూనే ఉండాలి, బ్యాటరీ కూడా పోతుంది. అదే షో ఆడియోగా స్పాటిఫై లాంటి చోట్ల ఉందేమో ముందు వెతకండి. లేకపోతే వీడియో నాణ్యతను 144కి దించుకోండి, మాట అంతే వినిపిస్తుంది.

ఫాలో చేయడం ఆపేస్తే మంచి ఎపిసోడ్ తప్పిపోతుందేమో అన్న భయం చాలామందిని పట్టి ఉంచుతుంది. ఫాలో ఆపడం అంటే ఆ షోని చెరిపేయడం కాదు, మన వరుసలోకి రానివ్వకపోవడమే. పేరు వెతికితే మళ్లీ కనిపిస్తుంది. నిజంగా మంచి ఎపిసోడ్ అయితే ఇంకొకరి నోటి మీదుగా మన దాకా వస్తుంది, దానికోసమే ఆ మూడు గంటలు ఖాళీగా పెట్టుకున్నాం. నేను పాటించేది ఒకటే: ఒక షో వరుసగా మూడు ఎపిసోడ్లు వినకుండా దాటేశానంటే దాన్ని ఫాలో జాబితాలోంచి తీసేస్తాను.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. యాప్‌లే మూతపడతాయి. స్టిచర్ 2023 ఆగస్టులో ఆగిపోయింది, గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో ఆగిపోయింది. కొన్ని షోలు పాత ఎపిసోడ్లను డబ్బు కట్టినవారికే ఇస్తాయి. అందుకని రెండు పనులు చేయండి. మీరు ఏటా తిరిగి వినాలనుకునే నాలుగైదు ఎపిసోడ్లను ఫోన్లోకి దించుకుని భద్రపరచుకోండి. ఓపీఎంఎల్ అనే ఫైలు, అంటే మీరు ఫాలో అవుతున్న షోల చిట్టా, యాప్ సెట్టింగుల్లోంచి బయటికి తీసి మీ మెయిల్‌కు పంపుకోండి. కొత్త యాప్‌లో దాన్ని తెరిస్తే అన్నీ అక్కడికి వచ్చేస్తాయి. పాకెట్ కాస్ట్స్, ఓవర్‌కాస్ట్, ఉచితంగా దొరికే యాంటెనాపాడ్‌లలో ఈ వీలుంది.

ఆఖరి సందేహం, ఇప్పటికే పేరుకున్న ఆ 310 ఎపిసోడ్లను ఏం చేయాలి? వాటిని వినాలని ప్రయత్నించకండి. ఒక్కోటి సగటున 45 నిమిషాలైనా 232 గంటలు, మీ ఏడు గంటల చొప్పున 33 వారాలు. ఒకరోజు పావుగంట కూర్చుని పేర్లు మాత్రం చదవండి. చదవగానే వినాలనిపించినవి ఐదింటిని వరుసలో పైకి తెచ్చుకోండి, వార్తల ఎపిసోడ్ ఏదీ ఆ ఐదింటిలో ఉండకూడదు. మిగతావన్నీ ఎంచుకుని 'మార్క్ యాజ్ ప్లేడ్' నొక్కండి. చాలా యాప్‌లలో షో పేరు మీద వేలు నొక్కి పట్టుకున్నా, మూడు చుక్కల మెనూ తెరిచినా ఆ మాట కనిపిస్తుంది. ఐదు ఎపిసోడ్లు అంటే నాలుగు గంటల లోపే, ఈ వారంలో అయిపోతాయి.